టీ, ఉప్పు, పక్షవాతం

తెల్లవారుజామున కేంద్రంలో పాలు పోసి, ఒక టీ తాగనిదే మనలో చాలామందికి పొద్దు మొదలు కాదు. మంగళగిరి మగ్గం గుంటలో కూర్చునే నేత పనివారికీ, గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీలకూ టీయే ఊతం. ఈ అలవాటుకూ పక్షవాతానికీ సంబంధం ఏమిటో సభ్యులకు వివరించదలచాము.

మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడినా, ఆ నాళం చిట్లినా పక్షవాతం వస్తుంది. దీనికి అన్నిటికన్నా పెద్ద కారణం రక్తపు పోటు. ఇది పట్నవాసుల జబ్బు అనుకోరాదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో ఒక ఏడాది జరిగిన మరణాలను పరిశీలించి, 2006లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో దాదాపు మూడో వంతు మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది.

టీ మేలా, కీడా?

27 దేశాలలో సుమారు 27 వేల మందిని పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం 2024లో వెలువడింది. మొత్తం మీద టీ తాగేవారిలో పక్షవాతం కొంత తక్కువగా కనిపించింది. చైనాలో ఈ మేలు స్పష్టంగా ఉంది. మన దక్షిణాసియాలో మాత్రం అందుకు భిన్నంగా, టీ తాగేవారిలోనే ఎక్కువగా కనిపించింది. ఇంతమాత్రాన టీయే పక్షవాతం తెచ్చిందని చెప్పలేము. పాలు కలిపిన టీలో ఆ మేలు కనబడలేదని కూడా అదే అధ్యయనం చెప్పింది. కాబట్టి టీని మందుగా భావించి అదనంగా తాగవద్దు. తాగే టీకి భయపడనూ అక్కరలేదు.

చూసుకోవలసింది టీలో పడే చక్కెర. చెంచాకు నాలుగైదు గ్రాములు. కప్పుకు రెండు చెంచాల చొప్పున రోజుకు అయిదు కప్పులు తాగితే 40 నుంచి 50 గ్రాములు అవుతుంది. అన్ని రూపాలలోనూ కలిపి చక్కెర 50 గ్రాములు మించరాదనీ, 25 గ్రాములలోపు ఉంటే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. బెల్లమైనా లెక్క ఇదే. పానకాల స్వామి పానకం ప్రసాదం. దాన్ని పూటపూటా తాగము కదా! టీతోపాటు బీడీ, చుట్ట వెలిగించడం మరింత చేటు.

ఉప్పు సంగతి

మన జిల్లాలో అసలు శత్రువు ఉప్పు. పెద్దలకు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు చాలు. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడం, ఎండుచేప ఒకే విస్తరిలో చేరితే ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. కారం తగ్గిస్తే చాలదు, ఉప్పే తగ్గాలి. పచ్చడి కొసరుకే ఉంచుకుని కూర, పప్పు, ఆకుకూర పెంచండి. ఉప్పు వేయని మజ్జిగ అలవాటు చేసుకోండి. కూరగాయలు, పండ్లు, వెన్న తక్కువగా ఉన్న పాలు, పెరుగు కలిసిన ఆహారం రక్తపు పోటును తగ్గిస్తుందని అమెరికాలో 1997లోనే నిరూపించారు. అమ్మగా మిగిలిన పాలలో ఇంటిల్లిపాదికీ కొంత ఉంచుకోవడం మరువకండి.

లక్షణం కనబడితే

ఉన్నట్టుండి మూతి వంకర పోవడం, ఒక పక్క చేయి, కాలు పట్టు తప్పడం, మాట తడబడడం పక్షవాతానికి గుర్తులు. కాసేపటికి తగ్గినా నిర్లక్ష్యం చేయరాదు. వెంటనే 108కి ఫోను చేసి, సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేర్చండి. గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. అదీ అందరికీ పనికిరాదు, స్కాన్ చూసి డాక్టరే నిర్ణయించాలి. లక్షణం మొదలైన సమయం గుర్తుంచుకుని చెప్పండి. పసరు మందులకు, పావురం మాంసానికి తిరుగుతూ ఆ గంటలు పోగొట్టుకోవద్దు. రోగి నోట్లో నీళ్ళు గాని, టీ గాని పోయవద్దు. మింగలేక ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది.

రక్తపు పోటు పైకి కనబడదు. గేదెకు వేళకు టీకా వేయించే సభ్యులు, నలభై దాటిన ప్రతివారూ, తమ పోటు కూడా ఏడాదికి ఒకసారైనా చూపించుకోవాలని, డాక్టరు మాత్రలిస్తే బాగుందని మధ్యలో మానవద్దని మా మనవి.