కంచె, పెరడు, పట్నం

ఐండ్‌హోవెన్‌లో మా పక్కింటి పెద్దావిడ ప్రాణమంతా పెరట్లోనే ఉంటుంది. కాస్త ఎండ కాసిందంటే చాలు, మోకాళ్ల మీద కూర్చుని కలుపు తీస్తుంటుంది. పెరటిని డచ్‌లో ‘తౌన్’ అంటారు. పలకడం తేలికేం కాదు, ‘తౌన్’కీ ‘తైన్’కీ నడుమ ఎక్కడో ఆగాలి నాలుక. సరిహద్దు దాటి జర్మనీలో అడుగుపెడితే అదే మాట ‘త్సౌన్’ అవుతుంది. అక్కడ అర్థం కంచె. ఇంగ్లాండులోనేమో ‘టౌన్’, పట్నం!

మూడూ ఒక తల్లి పిల్లలే. తొలి అర్థం కంచె, లేదా కంచె వేసుకున్న జాగా. ఆ రోజుల్లో ఇనప తీగలెక్కడివి? గుంజలు పాతి, వాటి మధ్య కొమ్మలు అల్లేవారు. అచ్చంగా మన దడి. జర్మన్లు దాన్ని దడిగానే ఉంచుకున్నారు. డచ్ వాళ్ల చూపు దడి లోపలి నేల మీదికి మళ్లింది. దాంతో కంచెకి వేరే పేర్లు కావాల్సొచ్చాయి. ఇప్పుడు పెరటి చుట్టూ నిలబెట్టే చెక్కల గోడని ‘స్ఖుటింగ్’ అంటారు.

అన్నిటికన్నా దూరం నడిచింది ఇంగ్లీషే. పాత ఇంగ్లీషులో ‘తూన్’ అంటే ఒక రైతు ఇల్లూ, వాకిలీ, చుట్టూ కంచె. తర్వాత అది పల్లె అయింది, పల్లె పెరిగి పట్నమైంది. అక్కడి ఊళ్ల పేర్ల చివర వినిపించే ‘టన్’ ఇదే. ప్రెస్టన్ అంటే మతగురువుల పల్లె. వాషింగ్టన్ కూడా ముందు ఇంగ్లాండులో ఓ ఊరు. మనవాళ్లకి ఊరి పేరే ఇంటిపేరైనట్టు, జార్జి వాషింగ్టన్ పూర్వీకులకీ అలాగే అబ్బింది. ఆ ఇంటిపేరే అమెరికా రాజధానికి వెళ్లింది. ఐస్‌లాండ్ రైతుకి మాత్రం ‘తూన్’ అంటే ఇంటి చుట్టూ ఎరువేసి పెంచుకునే గడ్డి నేల. చలికాలంలో పశువులకి వేసే ఎండుగడ్డి అక్కడిదే.

ఇంగ్లీషులో ‘ట’ ఉన్నచోట జర్మన్‌లో ‘త్స’ రావడం కాకతాళీయం కాదు. పదిని టెన్, త్సేన్ అంటారు, నాలుకని టంగ్, త్సుంగ అంటారు. ఇలాంటి మార్పుల వరసని యాకోబ్ గ్రిమ్ 1822లో తన వ్యాకరణంలో పద్ధతిగా చూపించాడు. తమ్ముడితో కలిసి జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ ఈయనే.

పాత అర్థం డచ్‌లో పూర్తిగా చావలేదు. ఎవరినైనా బురిడీ కొట్టిస్తే ‘తౌన్ చుట్టూ తిప్పాడు’ అంటారు. పెరడు చుట్టూ తిప్పితే మోసమేముంది? అక్కడ తౌన్‌ని దడి అనుకోండి. లోపలికి దారి చూపకుండా బయటే తిప్పుతున్నాడన్నమాట.