బోయింగ్ 737 కథ: పెద్ద ఇంజన్, ఒక్క సెన్సర్, 346 ప్రాణాలు

చిప్పగిరి నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశాను. ఈరోజు టాపిక్ బోయింగ్ 737. ప్రపంచంలో అందరికీ బాగా తెలిసిన విమానాల్లో ఇదొకటి. ఎక్కువ తిట్లు తిన్నదీ ఇదే. ఎందుకో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందు మన ఏరియా సంగతి. మన జిల్లాలో ఎయిర్‌పోర్ట్ అంటే ఓర్వకల్లు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఎయిర్‌పోర్ట్. 2021 మార్చి 28న అక్కడ ఫ్లైట్లు మొదలైనప్పుడు వచ్చినవి ఏటీఆర్‌లు, అంటే ప్రొపెల్లర్ తిరిగే చిన్న విమానాలు. రన్‌వే పొడవు 2,000 మీటర్లు. ఫుల్ లోడ్‌తో ఉన్న 737 మన ఎండల్లో లేవాలంటే అది చాలదు. కాబట్టి 737 ఎక్కాలంటే బెంగళూరో, శంషాబాదో పోవాల్సిందే. అకాసా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ నడిపే వాటిలో 737 మ్యాక్స్‌లు ఉన్నాయి.

ఇప్పుడు స్పెసిఫికేషన్స్. మ్యాక్స్ 8 మోడల్ తీసుకుందాం. పొడవు 39.5 మీటర్లు, రెక్కల కొస నుంచి కొసకు 35.9 మీటర్లు. టేకాఫ్ బరువు గరిష్ఠంగా సుమారు 82 టన్నులు. సీట్లు, కంపెనీ ఎలా అమర్చుకుందో దాన్నిబట్టి 160 నుంచి 210 దాకా. ఒకేసారి వెళ్లగలిగే దూరం దాదాపు 6,500 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, దుబాయ్, సింగపూర్ హాయిగా పోతుంది. అమెరికాకు మాత్రం పోలేదు. అందుకే దీన్ని షార్ట్, మీడియం రేంజ్ జెట్ అంటారు.

ఇక హిస్టరీ. 737 మొదటిసారి ఎగిరింది 1967 ఏప్రిల్ 9న. 1968లో లుఫ్తాన్సా సర్వీసులో పెట్టింది. అప్పటి చిన్న ఎయిర్‌పోర్టుల్లో పెద్ద నిచ్చెనలు, లగేజీ ఎక్కించే మెషిన్లు ఉండేవి కావు. అందుకని విమానాన్ని కావాలనే నేలకు దగ్గరగా, పొట్టి కాళ్ళతో డిజైన్ చేశారు. లగేజీ ఎత్తడం ఈజీ, ఇంజన్ రిపేర్ కూడా ఈజీ. ఆ రోజుకు అది మంచి ఆలోచనే. ఈ పొట్టి కాళ్ళ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

జెట్ ఇంజన్ ముందు భాగంలో పెద్ద ఫ్యాన్ ఉంటుంది. ఆ ఫ్యాన్ ఎంత పెద్దదైతే అంత ఎక్కువ గాలిని నెమ్మదిగా వెనక్కి తోస్తుంది, ఇంధనం ఆదా అవుతుంది. 1980లలో కొత్త ఇంజన్ పెట్టేటప్పుడే కింద చోటు చాలక ఇంజన్ కవర్ అడుగును కాస్త చదును చేశారు. దగ్గర్నుంచి చూస్తే ఇంజన్ మూతి పూర్తిగా గుండ్రంగా ఉండదు, గమనించండి.

2010 డిసెంబర్‌లో ఎయిర్‌బస్ తన ఏ320కి కొత్త ఇంజన్ పెట్టి నియో అని ప్రకటించింది. ఏ320 కాళ్ళు పొడుగు, కాబట్టి 198 సెంటీమీటర్ల ఫ్యాన్ కూడా పట్టేసింది. 2011 జూలైలో, అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా బోయింగ్ విమానాలే కొంటున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్‌కు 260 విమానాలు ఆర్డర్ ఇచ్చింది. కొత్త విమానం డిజైన్ చేసే టైం లేదు. నెల తిరిగేసరికి బోయింగ్ పాత 737కే కొత్త ఇంజన్ పెడతామని ప్రకటించింది. అదే మ్యాక్స్.

పాత ఫ్యాన్ 155 సెంటీమీటర్లు, కొత్తది 176. స్ప్లెండర్‌కు బుల్లెట్ చక్రం పెట్టినట్టు! కింద చోటు లేదు కాబట్టి ఇంజన్‌ను ముందుకు జరిపి, పైకి లేపి బిగించారు. దాంతో కొన్ని పరిస్థితుల్లో విమానం ముక్కు పైకి లేచే గుణం పెరిగింది. దాన్ని సరిచేయడానికి ఒక సాఫ్ట్‌వేర్ రాశారు. పేరు ఎంక్యాస్. ముక్కు బాగా లేచిందని సెన్సర్ చెబితే, తోకలో అడ్డంగా ఉండే రెక్కను తిప్పి ముక్కును కిందికి దించుతుంది.

మన ఇంటి మీద వాటర్ ట్యాంక్ ఉంది, ఫ్లోట్ స్విచ్ చెప్పినట్టు మోటర్ ఆన్ అవుతుంది అనుకోండి. ఫ్లోట్ ఇరుక్కుంది. ట్యాంక్ నిండి కారిపోతున్నా అది ఖాళీ అనే చెబుతుంది. మీరు మోటర్ ఆపుతారు, ఐదు సెకన్లలో అదే మళ్ళీ ఆన్ అవుతుంది. ఇంట్లో అలాంటి ఆటోమేటిక్ ఒకటి ఉందని అసలు మీకు ఎవరూ చెప్పలేదు. పైలట్ల పరిస్థితి ఇదే. విమానానికి సెన్సర్లు రెండున్నా ఎంక్యాస్ ఒక్కసారికి ఒక్కదాని మాటే వినేది. పైలట్ల మాన్యువల్‌లో దాని ఊసే లేదు.

2018 అక్టోబర్ 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ విమానం సముద్రంలో పడింది. 189 మంది పోయారు. 2019 మార్చి 10న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్, 157 మంది. అందులో మన ఇండియా వాళ్ళూ ఉన్నారు. మొత్తం 346 ప్రాణాలు. తర్వాత ప్రపంచమంతా మ్యాక్స్‌లను నేల మీదే నిలబెట్టేశారు.

కోడ్ రాసినవాడిగా నాకు ఇక్కడ నిద్రపట్టని విషయం ఒకటుంది. ఇందులో మనం మామూలుగా అనుకునే బగ్ లేదు. ఎలా రాయమన్నారో కోడ్ అలాగే పనిచేసింది. తప్పు, ఏం రాయాలో నిర్ణయించిన దగ్గర జరిగింది. ఇన్‌పుట్ అబద్ధమైతే ఏం చేయాలి అన్న ప్రశ్నకు సరైన జవాబు లేకుండానే అది గాల్లోకి వెళ్ళింది. పైలట్లకు కొత్త సిమ్యులేటర్ ట్రైనింగ్ అవసరం పడితే విమానానికి పది లక్షల డాలర్లు తగ్గిస్తామని బోయింగ్ ఒక ఎయిర్‌లైన్స్‌కు మాటిచ్చిందని అమెరికా కాంగ్రెస్ విచారణలో బయటపడింది. అంటే ట్రైనింగ్ అవసరం లేదని చూపించడంలోనే డబ్బుంది.

మరి ఇప్పుడు ఎక్కొచ్చా? ఏం మార్చారో చెబుతాను, మీరే ఆలోచించండి. ఇప్పుడు రెండు సెన్సర్లనూ పోల్చి చూస్తుంది, తేడా ఎక్కువుంటే ఎంక్యాస్ తప్పుకుంటుంది. ఒక సందర్భానికి ఒక్కసారే పనిచేస్తుంది. పైలట్ చేతి బలంతో దాన్ని ఎప్పుడైనా అడ్డుకోగలడు. సిమ్యులేటర్ ట్రైనింగ్ తప్పనిసరి. 2020 నవంబర్‌లో అమెరికా, 2021 ఆగస్టులో మన డీజీసీఏ మళ్ళీ అనుమతిచ్చాయి. ఆ సమస్య వరకు పరిష్కారం గట్టిదే. కానీ 2024 జనవరిలో అలాస్కా ఎయిర్‌లైన్స్ మ్యాక్స్ 9 గాల్లో ఉండగా డోర్ ప్లగ్ ఊడిపోయింది. నాలుగు బోల్టులు ఫ్యాక్టరీలోనే బిగించలేదని తేలింది. ఎవరూ చనిపోలేదు. అయినా, కోడ్ సరిచేసినంత సులభంగా కంపెనీ పని పద్ధతి సరికాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

చివరిగా మన తెలుగు కనెక్షన్. హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో టాటా బోయింగ్ ఏరోస్పేస్ ఫ్యాక్టరీ ఉంది. 737 తోక మీద నిటారుగా నిలబడే రెక్క ఉంటుంది కదా, అది అక్కడ తయారవుతోంది. మొదటిది 2023లో అమెరికాలోని రెంటన్‌కు పంపారు. ఎంక్యాస్ తిప్పేది అడ్డంగా ఉండే రెక్కను, ఇది వేరు, కన్ఫ్యూజ్ కాకండి. అక్కడ రివెట్ కొట్టేవాళ్ళలో, క్వాలిటీ చెక్ చేసేవాళ్ళలో ఐటీఐ, డిప్లొమా, బీటెక్ చేసిన మనలాంటి పిల్లలు ఉంటారు. ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో కూర్చుని ఇది చూస్తున్న మీరూ రేపు అలాంటి పనిలో ఉండొచ్చు. ఆ రోజు సూపర్‌వైజర్ "టైం లేదు, సంతకం పెట్టేయ్" అంటే, బోల్టు బిగిసిందో లేదో చూసి మరీ పెట్టండి. ఆ సంతకాన్ని నమ్మి పైన 180 మంది కూర్చుంటారు.

ఇంతే ఫ్రెండ్స్, ఈరోజుకు. వచ్చే ఎపిసోడ్‌లో ఓర్వకల్లుకు వచ్చిన ఏటీఆర్ గురించి, జెట్ లేకుండా ప్రొపెల్లర్ ఎందుకు ఇంకా బతికుందో చూద్దాం. ఉంటా మరి.