మెదడుకు పాకే రక్త కేన్సర్: వెన్నునీటి పరీక్షలో ప్రతి నిమిషమూ విలువైనదే

(ప్రత్యేక వ్యాసం)

రక్త కేన్సర్‌కు చికిత్స పొందుతున్న చిన్నారి రక్త పరీక్షల ఫలితాలు సాధారణ స్థితికి వస్తాయి. ఎముక మజ్జలోనూ వ్యాధి కణాలు కనిపించవు. అయినప్పటికీ కొన్ని నెలలకు తలనొప్పి, వాంతులు, ఒకే వస్తువు రెండుగా కనిపించడం, ముఖం ఒక పక్కకు లాగడం వంటి లక్షణాలు బయటపడవచ్చు. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి వ్యాధి చేరి ఉండవచ్చుననడానికి ఇవి సంకేతాలు. లక్షణాలు పొడచూపక ముందే దీనిని గుర్తించడానికి ప్రధాన ఆధారం ప్రయోగశాలలో జరిపే వెన్నునీటి పరీక్షయే.

మందులు చేరని చోటు

మెదడులోని రక్తనాళాల గోడలు హానికర పదార్థాలతోపాటు అనేక కేన్సర్ మందులను కూడా అడ్డుకుంటాయి. ఆ మరుగున తలదాచుకున్న కణాలు వ్యాధిని తిరగబెడతాయి. 1960వ దశకంలో అమెరికాలోని మెంఫిస్ నగరంలో గల సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డాక్టర్ డొనాల్డ్ పింకెల్ బృందం మెదడుకు ముందస్తు చికిత్సను చేర్చింది. ఆ తరువాతనే ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా సోకిన బాలలలో దాదాపు సగం మంది కోలుకోవడం సాధ్యమైంది.

నేడు వెన్నులోకి నేరుగా ఎక్కించే మందులలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో లెడర్లీ లేబొరేటరీస్‌లో రూపొందిన ఔషధాల కోవకు చెందినదే ఇది కావడం తెలుగువారందరికీ గర్వకారణం.

పరీక్ష జరిగే తీరు

పెద్దవారి శరీరంలో వెన్నునీరు సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. వెన్నుపాము ముగిసే చోటుకు దిగువన, నడుము ఎముకల మధ్య నుండి సన్నని సూదితో కొద్దిపాటి ద్రవాన్ని సేకరిస్తారు. ప్లేట్‌లెట్లు బాగా తగ్గి ఉంటే ముందుగా వాటిని ఎక్కించవలసి ఉంటుంది. సూది రక్తనాళానికి తగిలి నమూనాలో రక్తం కలిసినచో, కనిపించిన కేన్సర్ కణాలు వెన్నునీటివో, రక్తంతో వచ్చినవో చెప్పడం కష్టమవుతుంది. అందువల్ల మొదటి పరీక్షను అనుభవజ్ఞులైన వైద్యులే చేయడం శ్రేయస్కరం.

ప్రయోగశాలలో ముందుగా తెల్లకణాలను లెక్కిస్తారు. పిదప సైటోస్పిన్ యంత్రంలో ద్రవాన్ని వేగంగా తిప్పి, కణాలను గాజు పలకపైకి చేర్చి సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. కేన్సర్ కణాలు లేకపోతే మొదటి స్థాయి. అవి ఉండి, మైక్రోలీటరుకు తెల్లకణాలు 5 కంటే తక్కువైతే రెండవ స్థాయి. 5 లేదా అంతకు మించితే మూడవ స్థాయి. వెన్నులోకి మందు ఎన్నిసార్లు ఎక్కించాలన్నది ఈ స్థాయిని బట్టి కూడా నిర్ణయిస్తారు.

కణాలు మరీ తక్కువగా ఉన్నప్పుడు సూక్ష్మదర్శినికి అందకపోవచ్చు. అప్పుడు ఫ్లో సైటోమెట్రీ ఉపయోగపడుతుంది. కణాల ఉపరితలంపై ఉండే సీడీ19, సీడీ10 వంటి గుర్తులకు వెలుగునిచ్చే ప్రతిరక్షకాలను అంటించి, ఒక్కొక్క కణాన్నీ లేజర్ కాంతి గుండా పంపి లెక్కిస్తారు. ఒక్క పరీక్షలో ఏమీ కనిపించనంత మాత్రాన వ్యాధి లేదని నిర్ధారించరాదు.

శంషాబాద్ నుండి రెడ్‌హిల్స్ వరకు

రక్తం, ఎముక మజ్జ నమూనాలు తగిన జాగ్రత్తలతో ఒక రోజు ప్రయాణాన్ని తట్టుకోగలవు. వెన్నునీటికి ఆ ఓపిక లేదు. అందులో మాంసకృత్తులు బహు స్వల్పం కావడంతో సేకరించిన కొద్దిసేపటికే కణాలు చిట్లిపోనారంభిస్తాయి. గంటలోపు ప్రయోగశాలకు చేరాలన్న నియమానికి కారణమిదే.

రంగారెడ్డి జిల్లా శంషాబాద్‌లో 2008 మార్చిలో ప్రారంభమైన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నగరానికి సుమారు 24 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. 2009లో మెహదీపట్నం, ఆరాంఘర్‌ల మధ్య ప్రారంభమైన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే ప్రయాణ సమయాన్ని తగ్గించినా, రద్దీ వేళల్లో ఆ గంట దారిలోనే గడిచిపోవచ్చు. ఇక మరో నగరంలోని ప్రయోగశాలకు విమానంలో పంపే నమూనా మాటేమిటి? సేకరించిన వెంటనే కణాలను స్థిరపరిచే ద్రావణంలో కలపకపోతే, గమ్యం చేరే సరికి చూడవలసిన కణమే మిగలకపోవచ్చు. అప్పుడు వచ్చే "వ్యాధి కణాలు లేవు" అన్న నివేదిక ఊరటనిచ్చినట్లే ఉండి మోసగిస్తుంది.

కాబట్టి సీసాను పంపడం కంటే రోగినే ప్రయోగశాల ఉన్న ఆసుపత్రికి చేర్చడం మేలు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రాంతీయ కేన్సర్ కేంద్రం, పంజాగుట్టలోని నిమ్స్ రక్త కేన్సర్‌కు చికిత్స అందించే ప్రభుత్వ రంగ సంస్థలు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచింది.

నమూనా తీసిన సమయాన్ని, ప్రయోగశాలకు అందిన సమయాన్ని నివేదికపై తప్పక నమోదు చేయాలి. ఖర్చు లేని ఈ చిన్న జాగ్రత్తతో ఆ నివేదికను ఎంతవరకు నమ్మవచ్చో వైద్యునికి తెలుస్తుంది. చికిత్స పూర్తయిందనుకున్న బిడ్డకు వ్యాధి తిరగబెట్టకుండా కాపాడడంలో అది తోడ్పడుతుంది.