చదరంగంలో 'దేశం': సమాఖ్య, పౌరసత్వం, ప్రాతినిధ్యార్హత

అంతర్జాతీయ చదరంగ పోటీల పట్టికలలో క్రీడాకారుని పేరు పక్కన కనిపించే దేశ సంకేతాన్ని చాలామంది పౌరసత్వ సూచికగా భావిస్తారు. నిజానికి ఆ వ్యక్తి ఏ జాతీయ సమాఖ్యలో నమోదై ఉన్నాడో మాత్రమే అది తెలుపుతుంది. 1924లో పారిస్‌లో ఏర్పడిన ప్రపంచ చదరంగ సమాఖ్య 'ఫిడే'లో సభ్యత్వం ప్రభుత్వాలది కాదు, సమాఖ్యలది. బ్రిటిష్ పాస్‌పోర్టు ఒక్కటే అయినా ఇంగ్లండు, స్కాట్లాండు, వేల్సులు వేర్వేరు జట్లుగా ఒలింపియాడ్‌లో ఆడడం ఇందువల్లనే.

ఫిడే నియమాల ప్రకారం కొత్త సమాఖ్యకు మారదలచినవారు ఆ దేశంతో పౌరసత్వ సంబంధాన్నో, నివాస సంబంధాన్నో చూపాలి. వేచి ఉండవలసిన కాలం, ఫిడేకు బదిలీ రుసుము, పాత సమాఖ్యకు పరిహారం అనే నిబంధనలు ఆపైన ఉంటాయి. వీటి వివరాలు తరచు సవరణకు లోనవుతున్నా మూలసూత్రం మారలేదు: పౌరసత్వం ఒక ఆధారమే గాని ఏకైక ఆధారం కాదు. ఫిలిప్పీన్స్‌కు చెందిన వెస్లీ సో 2014లో అమెరికా సమాఖ్యకు మారి, 2016 బాకూ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా జట్టులో ఆడాడు. అతనికి అమెరికా పౌరసత్వం లభించింది 2021లో. అదే జట్టులోని ఫాబియానో కరువానా మయామీలో పుట్టి, దాదాపు పదేళ్ళు ఇటలీకి ఆడి, 2015లో తిరిగి వచ్చినవాడు. సంపన్న సమాఖ్యలకు ఈ వెసులుబాటు ఎంత అనుకూలమో వేరే చెప్పనక్కరలేదు. ఒక క్రీడాకారుని బాల్యం నుండి తీర్చిదిద్దిన చిన్న సమాఖ్యకు పరిహారం ఆ లోటును పూడ్చగలదని ఈ వ్యాసకర్త భావించడం లేదు.

అయితే ఈ వెసులుబాటు లేకపోతే ఏమవుతుందో విక్టర్ కోర్చ్‌నోయ్ ఉదంతం చూపుతుంది. 1976లో ఆమ్‌స్టర్‌డామ్ టోర్నమెంటు ముగిశాక ఆయన సోవియట్ యూనియన్‌కు తిరిగి వెళ్ళలేదు. 1978లో బాగియోలో కార్పోవ్‌తో ప్రపంచ టైటిల్ పోరుకు కూర్చునే నాటికి ఆయన స్విట్జర్లాండులో నివసిస్తున్నాడు గాని ఏ దేశ పౌరుడూ కాడు. బల్లపై తన ముందు స్విస్ పతాకం ఉంచాలని ఆయన కోరాడు. సోవియట్ పక్షం అభ్యంతరం చెప్పింది. చివరకు బల్లపై పతాకాలే లేకుండా ఆట సాగింది. విచిత్రమేమంటే, అదే ఏడాది బ్యూనస్ ఏరీస్ ఒలింపియాడ్‌లో ఆయన స్విస్ జట్టు మొదటి బోర్డుపై ఆడాడు. పతాకానికి తగనివాడు జట్టుకు తగినవాడయ్యాడు! స్విస్ పౌరసత్వం చాలా ఏళ్ళ తరువాత గాని రాలేదు.

నాలుగు దశాబ్దాల తరువాత ఇరాన్ క్రీడాకారులకు ఇదే చిక్కు మరో రూపంలో ఎదురైంది. ఇజ్రాయెల్ ఆటగాళ్ళతో తలపడవలసి వస్తుందన్న కారణంతో 2019 మాస్కో ప్రపంచ ర్యాపిడ్ పోటీల నుండి ఇరాన్ సమాఖ్య తన వారిని వెనక్కు తీసుకుంది. పదహారేళ్ళ అలీరెజా ఫిరూజా ఫిడే పతాకం కింద ఆడి రజతం గెలిచి, 2021లో ఫ్రాన్స్ సమాఖ్యకు మారాడు. 2022 చివర అల్మాటీ పోటీలలో హిజాబ్ లేకుండా ఆడిన సారా ఖాదెమ్ స్పెయిన్ చేరి, మరుసటి సంవత్సరం అక్కడి పౌరసత్వం పొందింది. ఉక్రెయిన్ యుద్ధం తరువాత రష్యన్లు అనేకులు ఫిడే పతాకాన్నే ఆశ్రయించారు. ఏ దేశానికీ చెందని ఆ పతాకం నేడు ఆచరణలో ఒక ఆశ్రయం.

భారతదేశ స్థితి భిన్నం. మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు; పైగా భారత పాస్‌పోర్టు కలవారే జాతీయ జట్లకు అర్హులన్న విధానాన్ని కేంద్రం 2008లో తెచ్చింది. అంటే ఫిడే నివాసాన్ని అంగీకరించినా మన నియమం పౌరసత్వాన్నే అడుగుతుంది. గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ ప్రేగ్‌లో నివసిస్తూ 2024 బుడాపెస్ట్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టులో ఆడగలిగాడు. అమెరికాలో పుట్టిన తెలుగు దంపతుల బిడ్డ మాత్రం అమెరికా పాస్‌పోర్టును వదులుకుంటే తప్ప ఆ జట్టులో చేరే వీలు ఈ విధానంలో లేదు. గుకేశ్ ప్రపంచ విజేత అయినప్పుడు అతను తమిళుడా, తెలుగువాడా అని మనవాళ్ళు వాదించుకున్నారు గాని, ఫిడే దస్త్రాలలో మాతృభాషకు గడి లేదు.