ఒక్క పెళ్లి ఫోటోలో ఒక కథ

ఈనాటి పెళ్లిళ్లలో లెక్కకు మిక్కిలిగా ఫోటోలు తీస్తున్నారు. హోసూరు ప్రాంతంలోని ఉద్దనపల్లి వంటి ఊళ్లలో పూర్వం పెళ్లికి గుర్తుగా మిగిలినది తరచు ఒక్క ఫోటోయే. బిగుసుకుని కూర్చున్న దంపతుల ఆ చిత్రం ఎవరి పెళ్లో చెబుతుంది. ఏమి జరిగిందో చెప్పదు.

ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు కార్తియే బ్రెసాఁ 1952లో వెలువరించిన గ్రంథంతో ‘నిర్ణాయక క్షణం’ అనే భావన లోకప్రసిద్ధమైంది. తెలుగు పెళ్లిలో అటువంటి క్షణం జీలకర్ర, బెల్లం తలలపై ఉంచిన వెంటనే వస్తుంది. నడుమనున్న తెర తొలగి, వధూవరులు ఒకరినొకరు చూసుకుంటారు. అది రెప్పపాటులో ముగుస్తుంది. కనుక ఫోటోగ్రాఫరు ముందే పీటలకు పక్కగా నిలవాలి. రెండు ముఖాలతో సరిపెట్టక, తెర పట్టిన చేతులను, కన్యాదాత కళ్లను, వెనుకనున్న అవ్వను కూడా చిత్రంలో చేర్చాలి. అప్పుడే అది కథ అవుతుంది.

2006 నాటి చట్టంతో తమిళనాడు బడులలో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. తెలుగు శుభలేఖ చదవలేని మనుమడు సైతం ఆ తొలి చూపును చదవగలడు. అవ్వ పేరు మాత్రం ఆ చిత్రం చెప్పలేదు. అందుకే ఫోటో వెనుక పేర్లు, తేదీ తెలుగులోను, తమిళంలోను రాసి ఉంచాలి.