ఇంగ్లిష్‌లో రాముడు ముందా, ముత్యాలు ముందా?

భద్రాద్రి రాముడి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం గోల్కొండ పాలకుడు తానీషా నాటిదంటారు. ‘రాముడికి ముత్యాలు పంపాడు’, ‘ముత్యాలు రాముడికి పంపాడు’... ఎలా అన్నా మనకు ఒకటే. ‘కి’ ఉందిగా!

వెయ్యేళ్ల కిందట ఇంగ్లిష్ పేర్లకూ ఇలాంటి తోకలుండేవి. క్రమంగా అరిగిపోయాయి. అందుకే ఇప్పుడు చోటే దిక్కు: ‘తానీషా సెంట్ రామా పెరల్స్’. అందుకునేవారు (ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్) ముందు, వస్తువు (డైరెక్ట్ ఆబ్జెక్ట్) తర్వాత. తారుమారు చేస్తే రాముణ్నే ముత్యాలకు పంపినట్టు! వస్తువు ముందుకొస్తే ‘టు’ తప్పదు: ‘సెంట్ పెరల్స్ టు రామా’.

భద్రాద్రి గుడి కట్టించిన రామదాసు సీతమ్మకు పతకం చేయించాడనాలంటే మాత్రం ‘ఫర్ సీతా’. పంపడంలో వస్తువు చేతులు మారుతుంది; చేయించడంలో ఆమె కోసం తయారవుతుందంతే.

‘ఎక్స్‌ప్లెయిన్’ మహా మొండిది. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ ద లెసన్’ అంటే ఒప్పుకోదు. ‘ఎక్స్‌ప్లెయిన్ ద లెసన్ టు మీ’ అనాల్సిందే.