స్పై సినిమాల్లో ఎప్పుడు చూసినా పండగే ఎందుకు? క్రిస్మస్ నుంచి దుర్గా పూజ దాకా

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ ఎపిసోడ్‌లో ఏడెనిమిది సినిమాల గురించి మాట్లాడుకుంటాం, కొన్నిటి క్లైమాక్స్ కూడా వస్తుంది. 'కహానీ' ఇంకా చూడనివాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే పాజ్ కొట్టి, అది చూసేసి రండి. నేనెక్కడికీ పోను.

సరే, మనకి పండగ సినిమా అంటే ఏంటి? పండగకి రిలీజయ్యే సినిమా. స్పై సినిమాలే తీసుకోండి. 'ఏక్ థా టైగర్' 2012 ఆగస్టు 15న వచ్చింది. 'టైగర్ జిందా హై' 2017 డిసెంబర్ 22న, కరెక్ట్‌గా క్రిస్మస్ సెలవులకి. 'పఠాన్' 2023 జనవరి 25న, రిపబ్లిక్ డేకి ఒక్క రోజు ముందు. డేట్ పండగది, కథలో మాత్రం పండగ లేదు.

హాలీవుడ్‌లో చాలాసార్లు ఇది రివర్స్‌లో ఉంటుంది. 'డై హార్డ్' కథంతా క్రిస్మస్ ముందు రోజు రాత్రి జరుగుతుంది. రిలీజ్ ఎప్పుడో తెలుసా? 1988 జులై, వాళ్లకి నడి ఎండాకాలం. 'త్రీ డేస్ ఆఫ్ ది కాండోర్' కథ క్రిస్మస్‌కి కాస్త ముందు న్యూయార్క్‌లో జరుగుతుంది. రిలీజ్ 1975 సెప్టెంబర్.

అంటే ఆ క్రిస్మస్‌ని టికెట్లు తెంపడానికి పెట్టలేదన్నమాట. కథలో దానికి ఏదో ఉద్యోగం ఉంది. ఆ ఉద్యోగం ఏంటో చూద్దాం. నాకు నాలుగు కనిపించాయి.

మొదటిది: కాపలా పల్చబడుతుంది.

'డై హార్డ్' స్పై సినిమా కాదు, యాక్షన్ సినిమా. కానీ ఈ పాయింట్‌కి దానికంటే మంచి ఉదాహరణ లేదు. అంత పెద్ద ఆఫీస్ టవర్, మామూలు రోజైతే వేలమంది ఉంటారు. ఆ రాత్రి ఒక్క ఫ్లోర్‌లో పార్టీ, మిగతా బిల్డింగ్ అంతా ఖాళీ. దొంగలు ఆ రోజునే ఎంచుకోవడం కథలో లాజిక్. అదే ఖాళీ ఫ్లోర్లలో హీరో ఒంటరిగా దాక్కుని తిరగగలగడం కూడా లాజిక్కే. ఒకే సెలవు విలన్‌కీ పనికొచ్చింది, హీరోకీ పనికొచ్చింది. ఈ సినిమాకి ఆధారం రోడరిక్ థార్ప్ 1979లో రాసిన నవల. అందులో కూడా క్రిస్మస్ ఈవ్ రాత్రే.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకి ఇది ఇంకా బాగా తెలుసు. డిసెంబర్ చివర్లో చాలా కంపెనీలు కోడ్ ఫ్రీజ్ పెడతాయి. కొత్తగా ఏదీ ప్రొడక్షన్‌లోకి పంపొద్దంటారు. ఎందుకు? కోడ్ చెడిపోతుందని కాదు, చెడిపోతే చూసేవాళ్లు ఊళ్లో ఉండరని. నేను జాబ్ చేసినన్నాళ్లూ సంక్రాంతికి ఆన్‌కాల్ రోస్టర్ వేసేటప్పుడు టీమ్‌లో అందరూ ఒకేసారి సైలెంట్ అయిపోయేవాళ్లు. స్పై సినిమా రైటర్ సరిగ్గా ఆ సైలెన్స్‌నే వాడుకుంటాడు.

రెండోది: గిఫ్ట్ ప్యాకెట్‌ని ఎవరూ అనుమానించరు.

1969లో వచ్చిన బాండ్ సినిమా 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'. జార్జ్ లాజెన్‌బీ బాండ్‌గా చేసిన ఒకే ఒక్క సినిమా. విలన్ బ్లోఫెల్డ్ స్విట్జర్లాండ్‌లో ఒక మంచుకొండ మీద అలర్జీ క్లినిక్ నడుపుతుంటాడు. అక్కడ వేరే వేరే దేశాల అమ్మాయిలు ట్రీట్‌మెంట్‌కి ఉంటారు. వాళ్లకి తెలియకుండానే హిప్నటైజ్ చేసి, క్రిస్మస్ ఈవ్ నాడు తలా ఒక గిఫ్ట్ చేతిలో పెట్టి ఇంటికి పంపిస్తాడు. మేకప్ కిట్ లాంటి ఆ గిఫ్ట్‌లో ఆర్డర్లు వినడానికి రేడియో ఉంటుంది, స్ప్రే సీసాలో వైరస్ ఉంటుంది.

ఒక్కసారి ఆలోచించండి. మామూలు రోజున ఎవరైనా అట్లా ప్యాకెట్ ఇస్తే 'ఏముంది ఇందులో?' అని అడుగుతాం. పండగ రోజు అడిగితే మర్యాద కాదు. బ్లోఫెల్డ్ వాడిన అసలు ఆయుధం వైరస్ కాదు, ఆ మొహమాటం.

1998లో వచ్చిన 'ఎనిమీ ఆఫ్ ది స్టేట్'లోనూ ఇదే ట్రిక్ వేరే రూపంలో ఉంటుంది. విల్ స్మిత్ భార్య కోసం క్రిస్మస్ షాపింగ్ చేస్తుంటాడు. ప్రాణభయంతో పరిగెత్తుకొచ్చిన ఒక పాత ఫ్రెండ్ ఎవిడెన్స్ ఉన్న డిస్క్‌ని అతని షాపింగ్ బ్యాగ్‌లో జారవిడుస్తాడు. చేతినిండా బ్యాగులున్న మనిషికి ఒక వస్తువు ఎక్కువైందని తెలియనే తెలియదు. అక్కణ్ణుంచి ఎన్ఎస్ఏ వాళ్లు అతని జీవితాన్నే తలకిందులు చేసేస్తారు.

మూడోది: గుంపు. ఇది రెండు వైపులా పదునున్న కత్తి.

మళ్లీ అదే బాండ్ సినిమా. కొండ మీంచి రాత్రిపూట స్కీయింగ్ చేస్తూ తప్పించుకుని బాండ్ కింద ఊళ్లోకి వస్తాడు. అక్కడ క్రిస్మస్ సంబరాలు, పాటలు, జనం. దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. కానీ అదే జనంలో తనని వెతికేవాళ్లు కూడా ఉన్నారు. ఎలుగుబంటి వేషంలో ఉన్న ఫొటోగ్రాఫర్ ఒకడు దగ్గరికొస్తే బాండ్ ఉలిక్కిపడతాడు. బాండ్ భయపడటం ఎప్పుడైనా చూశామా? పండగ వల్లే ఆ భయం మనకి కనిపిస్తుంది.

1996లో వచ్చిన 'ది లాంగ్ కిస్ గుడ్‌నైట్'లో గుంపు ఇంకో రకంగా దెబ్బకొడుతుంది. గతం మర్చిపోయిన సీఐఏ హంతకురాలు ఒక చిన్న ఊళ్లో టీచర్‌గా బతుకుతుంటుంది. క్రిస్మస్ ఊరేగింపులో శాంటా భార్య వేషం వేస్తుంది. అది టీవీలో వస్తుంది. జైల్లో ఉన్న పాత శత్రువు ఆ టీవీ చూస్తాడు. అంతే, కథ మొదలు. ఈ సినిమా రాసింది షేన్ బ్లాక్. 'లెథల్ వెపన్' నుంచి 'ఐరన్ మ్యాన్ 3' దాకా ఆయనకి క్రిస్మస్ ఒక అలవాటు.

ఇక మన 'కహానీ'. 2012లో సుజోయ్ ఘోష్ తీసింది. నా దృష్టిలో పండగని ఇంత బాగా వాడుకున్న ఇండియన్ స్పై థ్రిల్లర్ ఇంకోటి లేదు. కోల్‌కతా దుర్గా పూజ, చుట్టూ ఇంటెలిజెన్స్ బ్యూరో రాజకీయం, మధ్యలో భర్తని వెతుక్కుంటూ లండన్ నుంచి వచ్చిన గర్భిణి. చివరికి విజయదశమి రాత్రి ఎర్ర అంచు తెల్లచీరల్లో ఉన్న ఆడవాళ్ల గుంపులో ఆవిడా అదే చీరలో కలిసిపోతుంది. పోలీసులు ఎవరినని పట్టుకుంటారు? పైగా ఆ పండగ దేని గురించి? మహిషాసురుణ్ణి చంపిన అమ్మవారి గురించి. డైలాగ్‌తో చెప్పకుండానే పండగ కథ మొత్తం చెప్పేసింది. ఇక్కడ దుర్గా పూజ తీసేసి వేరే నెల పెడితే సినిమానే ఉండదు. టెస్ట్ అదే.

ఆ టెస్ట్‌లో ఫెయిలయ్యేవి కూడా ఉన్నాయి. 'మిషన్ ఇంపాసిబుల్ 2'లో స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఊరేగింపు, దాంతోపాటు విగ్రహాలు తగలబెట్టడం చూపిస్తారు. సెవిల్‌లో ఊరేగింపులు పవిత్ర వారంలో జరుగుతాయి. బొమ్మలు తగలబెట్టేది వాలెన్సియాలో, ఫాయస్ అనే వేరే పండగకి. రెండూ కలిపేశారు. మన బోనాల్లో భోగిమంట కలిపినట్టు. 2015లో వచ్చిన 'స్పెక్టర్' కథ ఇంకా విచిత్రం. ఓపెనింగ్‌లో మెక్సికో సిటీలో మృతుల దినం సందర్భంగా భారీ పరేడ్ ఉంటుంది కదా, నిజానికి అట్లాంటి పరేడ్ అక్కడ లేదు. సినిమా కోసం పుట్టించారు. సినిమా చూసినవాళ్లు వచ్చి 'పరేడ్ ఏది?' అంటారని, 2016 అక్టోబర్‌లో నగరం నిజంగానే పరేడ్ మొదలుపెట్టింది!

నాలుగోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది: అందరికీ ఇల్లుంది, ఇతనికి లేదు.

'కాండోర్'లో రాబర్ట్ రెడ్‌ఫర్డ్ సీఐఏలో పుస్తకాలు చదివే ఉద్యోగి. లంచ్ తేవడానికి బయటికెళ్లి తిరిగొచ్చేసరికి ఆఫీసులో అందర్నీ చంపేసి ఉంటారు. సొంత సంస్థనే నమ్మలేని పరిస్థితి. వీధుల్లో మాత్రం క్రిస్మస్ హడావిడి. చివరి సీన్‌లో వెనకాల క్రిస్మస్ పాటలు పాడుతుంటారు. అతను నిజమంతా పేపర్‌వాళ్లకి చెప్పేశానంటాడు. అవతలివాడు, 'వాళ్లు వేస్తారని గ్యారంటీ ఏంటి?' అన్నట్టు అడుగుతాడు. సినిమా అక్కడే ఆగిపోతుంది. అదే సీన్‌ని మామూలు మంగళవారం తీసుంటే అంత ఒంటరితనం రాదు.

ఇదంతా సినిమా కల్పన అనుకుంటున్నారా? ఒక నిజం చెప్తా.

2016 ఫిబ్రవరి 4, గురువారం రాత్రి. హ్యాకర్లు బంగ్లాదేశ్ బ్యాంక్ సిస్టమ్స్‌లోంచి న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌కి డబ్బు పంపమని మెసేజ్‌లు పెట్టారు. మొత్తం దాదాపు 100 కోట్ల డాలర్లు. శుక్ర, శనివారాలు ఢాకాలో సెలవు. శని, ఆదివారాలు న్యూయార్క్‌లో సెలవు. డబ్బు చేరింది మనీలాకి. సోమవారం, ఫిబ్రవరి 8న అక్కడ చైనా కొత్త సంవత్సరం సెలవు. 'ఆపండి' అన్న మెసేజ్ వెళ్లేసరికి బ్యాంక్ మూసి ఉంది. 8.1 కోట్ల డాలర్లు చేతులు మారిపోయాయి. మూడు దేశాల క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకుని చూసినట్టు లేదూ? ఏ తాళమూ పగలగొట్టకుండా టైమ్ సంపాదించారు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ చూడండి. పండగ సీజన్‌లో 'మీ పార్శిల్ ఆగిపోయింది, ఈ లింక్ నొక్కండి' అని మెసేజ్ వస్తుంది. తెలిసినవాళ్ల నంబర్ నుంచే గ్రీటింగ్ పేరుతో ఏపీకే ఫైల్ వస్తుంది. నిజంగానే ఏదో ఒక పార్శిల్ కోసం చూస్తుంటాం కాబట్టి నొక్కేస్తాం. బ్లోఫెల్డ్ గిఫ్ట్ ప్యాకెట్‌కీ దీనికీ తేడా ఏమీ లేదు. పండగ రోజు అనుమానించడం బాగోదు అనే ఫీలింగ్ మీదే రెండూ నడుస్తాయి. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయాలి. సెలవు కదా, రేపు చూద్దాంలే అనుకుంటే, వాళ్లకి కావాల్సింది ఆ 'రేపే'.

ఈసారి స్పై సినిమాలో క్రిస్మస్ చెట్టు కనిపిస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ రోజు డ్యూటీలో ఎవరు లేరు? సగం ప్లాట్ అక్కడే దొరికిపోతుంది.

సంక్రాంతి మూడు రోజుల్లో జరిగే స్పై కథ తెలుగులో తీస్తే ఎట్లా ఉంటుంది? హైదరాబాద్ సగం ఖాళీ, హైవే టోల్ గేట్ల దగ్గర కిలోమీటర్ల కొద్దీ కార్లు, ఊళ్లో ప్రతి ఇంటికీ తెలియని చుట్టాలు. ఇంతకంటే ఏం కావాలి? ఎవరైనా రాయండి, ఫస్ట్ షో టికెట్ నాది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!